పడమటి గోడ

ముందు గోడని అడగాలి, మనుషుల్ని తర్వాత.
అరచేత్తో ఒకసారి నిమురుతాను.
చేతికి తెల్లటి పిండి అంటిందంటే
చెప్పాపెట్టకుండా, కొంచెం కొంచెంగా
రంగు ఇల్లు వదిలి వెళ్ళిపోతోందన్నమాట.

వార్డో దీవిలో, రేవు పక్కన
హాల్దిస్ వాళ్ళ చేపల కొట్టు.
నేను దానికి రంగు వేసి పదకొండేళ్ళు.
ఇప్పుడందులో చేపల్లేవు:
చిక్కుపడ్డ వలలు, శ్రుతి తప్పిన పియానో,
మంగళవారాలు వచ్చి స్వెట్టర్లు అల్లుకునే తొమ్మిదిమంది.

జూన్ నెల, రాత్రి పదకొండు, ఇంకా ఎండ.
ఇక్కడ గోడలు చూడాల్సిన వేళ అదే.
నడినెత్తి వెలుగు అన్నీ కప్పిపుచ్చుతుంది.
ఏటవాలు వెలుగు
ప్రతి బీటనీ పేరుపెట్టి పిలుస్తుంది.

చాకు తీసి కింది పలక అంచున గుచ్చాను.
మొన ఆగింది. చెక్క బతికే ఉంది.
మూడో కిటికీ కింద గుచ్చాను.
వెన్నలోకి దిగినట్టు దిగింది.
హాల్దిస్ నా మొహం చూడలేదు, చాకునే చూసింది.
"ఎంత?" అంది.
డబ్బు అడుగుతోందో లోతు అడుగుతోందో తెలీక
"బొటనవేలి గోరంత" అన్నాను.

తమ్ముడు టోర్‌గైర్ జేబుల్లోంచి చేతులు తీయకుండానే
"వచ్చే ఏడు చూద్దాం" అన్నాడు.
"నిరుడూ అదే అన్నావు."
"తూర్పు గోడ నిగనిగలాడుతోందిగా!"
నిజమే. గాలి అటు పోదు.
ఒకే రోజు పుట్టిన నాలుగు గోడలకి
నాలుగు వయసులు.

రాలిన పెచ్చు ఒకటి ఏరి అంచు చూపించాను:
తెలుపు, దాని కింద లేత పసుపు, మళ్ళీ తెలుపు.
మిగతా మూడు గోడల్నీ గీకితే అడుగున ఎరుపే,
చేప కాలేయపు నూనెలో ఎర్రమట్టి కలిపి
వాళ్ళ తాత పూసింది.
తెలుపు ఖరీదు ఆ రోజుల్లో.
పడవల్లో వచ్చేవాళ్ళకి కనపడే గోడ ఒక్కటీ
తెల్లగా ఉంటే చాలనుకున్నాడట.
పైన పటారం లోన లొటారం అంటారు గానీ,
ఆ పటారమే కదా
లోన లొటారం కాకుండా ఇన్నేళ్ళు కాసింది.

సరే, వేద్దామన్నారు. ఎప్పుడు?
కిటికీల నెత్తిన ఏడు గూళ్ళు.
నల్లకాళ్ళ సముద్రపు పిట్టలు, క్రుక్యె అంటారిక్కడ.
గోడని తినేది సగం ఉప్పుగాలి, సగం వాటి రెట్ట.
పిల్లలు ఎగిరేదాకా గూడు ముట్టడానికి చట్టం ఒప్పదు.
అవి ఎగిరేసరికి ఆగస్టు.
ఆపైన వానలు.
కడగాలి, ఆరాలి, గీకాలి, మూడు పూతలు.
నాకు కావలసింది తొమ్మిది పొడి రోజులు.
ఈ ఆకాశం వరసగా తొమ్మిది రోజులు
మాట మీద నిలబడ్డట్టు నాకు గుర్తులేదు.

ఆగస్టు పంతొమ్మిదికి ఆరు గూళ్ళు ఖాళీ.
ఏడోది మూడో కిటికీ మీద.
ఒక్కటే పిల్ల, ఆలస్యంగా పొదిగింది,
బొద్దుగా, బద్ధకంగా.
ఎండ కాసింది. రోజులు ఒక్కొక్కటే ఖర్చయ్యాయి.
వచ్చే ఏడన్న టోర్‌గైరే
పొద్దున్నే ఫ్లాస్కులో కాఫీతో వచ్చి
మెడ పైకెత్తి నిలబడేవాడు.
"ఎగరవే తల్లీ" అని బతిమాలేవాడు.
అది రెక్కలు విప్పేది, మళ్ళీ ముడుచుకునేది.

ఇక ఆగలేక ఆ కిటికీ చుట్టూ వదిలేసి
మిగతా గోడంతా వేశాను.
మూడో పూత ఆరిన రాత్రే వాన.

నాలుగు రోజులు కురిసి తెరిపిచ్చాక చూస్తే
గూడు ఖాళీ.
పలకలు చెమ్మ.
చెమ్మ మీద రంగు వేస్తే
చెక్క నోరు నొక్కినట్టే.

నిచ్చెన దించే ముందు
నా చాకు చేసిన చిల్లులో
అవిసె నూనె రెండు చుక్కలు పోసి
వేలితో అదిమాను.
వైద్యం కాదది. పలకరింపు.

"వచ్చే ఏడు" అన్నాడు టోర్‌గైర్.
ఈసారి ఎవరూ కాదనలేదు.
బిల్లులో మూడు పలకలు తగ్గించి రాశాను.